అడవి విద్యకు యజమాని ఎవరు?

ఏ ఆకు ఏ ఋతువున కోయవలెను, ఏ వేరు ఎంత మోతాదు మించరాదు, ఏ చెట్టును నరకరాదు అను విషయములు ఏటూరునాగారం అడవులలోని కోయలకు తరతరాల అనుభవము వలన తెలియును. ఒకప్పుడు వరంగల్ జిల్లాలోనిదైన ఈ ప్రాంతము 2019 నుండి ములుగు జిల్లాలో ఉన్నది. అచటి వైద్యజ్ఞానము చాలవరకు నోటిమాటగానే సాగివచ్చినది. ఇదియు ఒక సమాచార నిధియే. దీనిపై అధికారము ఎవరిది?

పొలమునకు గట్టు ఉండును, పట్టా ఉండును. విద్యకు గట్టు లేదు. చెప్పినదానిని విన్నవారు వ్రాసికొని పోవచ్చును. 1995లో పసుపు గాయములను మాన్పునను సంగతిపై అమెరికాలో పేటెంటు ఇయ్యబడినది. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి పాత గ్రంథములను, వ్యాసములను సాక్ష్యముగా చూపగా 1997లో అది రద్దయినది. పసుపునకు వ్రాతలు సాక్ష్యమిచ్చినవి. వ్రాతలో లేని అడవి విద్యకు సాక్ష్యము ఎట్లు?

ఇందుకై మన దేశమున రెండు చట్టములు ముఖ్యమైనవి. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి స్థానిక సంస్థ ఒక కమిటీని ఏర్పరుపవలెను. ఆ కమిటీ ఊరి ప్రజలను సంప్రదించి, మొక్కలను, వాటి ఉపయోగములను ఒక రిజిస్టరులో నమోదు చేయును. విదేశీయులు ఈ జ్ఞానమును పొందుటకు చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి ముందుగా కావలెను. 2006 నాటి అటవీ హక్కుల చట్టము జీవవైవిధ్యమునకు సంబంధించిన సాంప్రదాయ విజ్ఞానముపై అడవివాసులకు సమష్టి హక్కును గుర్తించినది.

అయినను ఒక చిక్కు కలదు. రిజిస్టరు సాక్ష్యమే కాని, తాళము లేనిచో అదియే దొంగకు దారి చూపును. అనుమతి విషయమున ప్రాధికార సంస్థ ఊరి కమిటీని సంప్రదించవలెనని చట్టము చెప్పుచున్నది. కమిటీ వలదన్నచో ఆగవలెనని మాత్రము చెప్పలేదు. సంప్రదించుట వేరు, సమ్మతి పొందుట వేరు. 2007 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటన మాత్రము తమ విజ్ఞానమును కాపాడుకొనుటకే గాక, దానిని నియంత్రించుటకు కూడ ఆదివాసులకు హక్కు కలదన్నది.

సమ్మతితో, న్యాయముతో పని జరుగుట అసాధ్యము కాదు. కేరళలోని కాణి తెగవారు 1987లో ఆరోగ్యపచ్చ అను మొక్క గుణమును శాస్త్రజ్ఞులకు తెలిపిరి. దానినుండి తయారైన 'జీవని' అను మందుకు వచ్చిన లైసెన్సు రుసుములో సగము కాణి తెగకు కేటాయింపబడినది.

మొక్కల పట్టికలు తయారుచేయు పాఠశాలలు కూడ ఈ నీతిని పాటింపవచ్చును. మొక్క పేరు ఎవరైనను వ్రాసికొనవచ్చును. దాని మందు వివరము వ్రాయుటకు ముందు గ్రామసభను అడుగవలెను. వ్రాసిన ప్రతి ఒకటి ఆ ఊరికే ఇయ్యవలెను. వలదన్న సంగతిని వ్రాయక విడుచుటయు విజ్ఞానశాస్త్ర క్రమశిక్షణలో భాగమే.