బండి లాగట్లేదని పంపు పెంచేస్తున్నారా? టర్బో లారీ ఓనర్లు ముందు చూడాల్సింది ఇదీ..

రావులపాలెం నుంచి అరటి గెలలు, అంబాజీపేట నుంచి కొబ్బరి లోడు.. దారిలో ఒక్క పూట ఆలస్యమైనా గెలలు పండిపోతాయి, రేటు పడిపోతుంది. అందుకే "ఇంజిన్‌కి కాస్త పవర్ పెంచండి" అని ఓనర్లు మెకానిక్‌ని అడగడం మామూలే. పెంచొచ్చు. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది తెలియకపోతే ఇంజిన్ బోరుకొస్తుంది.

కోనసీమలో ఎత్తు అంటే వంతెనలే. దిండి–చించినాడ వంతెనో, జొన్నాడ దగ్గర గౌతమి వంతెనో ఎక్కేటప్పుడు తప్ప ఇంజిన్‌కి పెద్ద పరీక్ష ఉండదు. అసలు పరీక్ష సాలూరు దాటాక మొదలవుతుంది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్తూ ఆ ఘాట్ ఎక్కుతుంటే బండి ఒక్కో గేరూ దిగిపోతుంది. డ్రైవర్ ఫోన్ చేసి చెప్పేది ఒకటే మాట.. "బండి లాగట్లేదండీ".

అసలు టర్బో ఏం చేస్తుందంటే..

ఇంజిన్ నుంచి బయటికొచ్చే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే షాఫ్ట్‌కి రెండో వైపున్న చక్రం బయటి గాలిని లాగి, ఒత్తి ఇంజిన్‌లోకి తోస్తుంది. లోడు మీద ఈ షాఫ్ట్ నిమిషానికి దాదాపు లక్ష చుట్లు తిరుగుతుంది. ఒత్తిన గాలి బాగా వేడెక్కుతుంది కాబట్టి, లోపలికి వెళ్లేముందు ఇంటర్‌కూలర్ దాన్ని చల్లబరుస్తుంది.

ఇంత హంగామా దేనికంటే, కిలో డీజిల్ పూర్తిగా మండాలంటే 14 కిలోలకు పైగా గాలి కావాలి. లోడు మీద నల్ల పొగ రాకుండా నడవాలంటే 20 కిలోలైనా ఉండాలి. అంటే బండి లాగాలంటే డీజిల్ ఒక్కటే చాలదు, దానికి తగ్గ గాలి కూడా ఉండాలి.

పాత బండ్లలో పంపు స్క్రూ తిప్పి డీజిల్ పెంచేస్తుంటారు. పది నిమిషాల పని. మొదటి ట్రిప్పులో బండి దూకుతుంది కూడా! కానీ గాలి పెరగలేదు కదా.. నల్ల పొగ మొదలవుతుంది. ఆ పొగ ఏంటో కాదు, మీరు బంకులో డబ్బులిచ్చి కొట్టించిన డీజిలే. ఇక పెరిగిన వేడి పిస్టన్ల మీద, హెడ్ గ్యాస్కెట్ మీద, టర్బో మీద పడుతుంది.

"మరి వీడియోల్లో అమెరికా వాళ్లు అలాగే చేస్తున్నారుగా?" అని అడగొచ్చు. అక్కడ 1989లో డాడ్జ్ రామ్ పికప్‌కి 5.9 లీటర్ల కమిన్స్ టర్బో డీజిల్ ఇంజిన్ పెట్టారు. పవర్ 160 హెచ్‌పీ. అప్పట్నుంచి దాని పంపు పెంచి పొగ కక్కించడం వాళ్లకొక సరదా. ఆ ఇంజిన్ కుటుంబం మనకి కొత్తేం కాదు. 1993లో పెట్టిన టాటా కమిన్స్ కంపెనీ జంషెడ్‌పూర్‌లో దాన్నే తయారుచేసింది, టాటా లారీల్లో వచ్చింది. తేడా ఎక్కడంటే, వీడియోలో ఆ పికప్ ఖాళీగా ఉంటుంది, ఆ ఊపు కొన్ని సెకన్లే. మన లారీ పూర్తి లోడుతో గంటల తరబడి గుంజాలి. ఆ సెట్టింగ్ ఈ బండికి పనికిరాదు.

పోయిన పవర్ ముందు రాబట్టుకోండి

కొత్త పార్టులు కొనేముందు ఉన్న బండి చూడండి. ఎయిర్ ఫిల్టర్ పూడుకుపోయిందా? ఇంటర్‌కూలర్ రేకుల మధ్య ఏముంది? పీచు ఫ్యాక్టరీల చుట్టూ తిరిగే బండ్లకి కొబ్బరి పొట్టు పట్టేస్తుంది. రాజోలు, సఖినేటిపల్లి వైపు తీరంలో తిరిగే బండ్లకి ఉప్పు గాలి అల్యూమినియాన్ని తినేస్తుంది. గాలి గొట్టాల క్లాంపులు వదులైతే టర్బో ఒత్తిన గాలి సగంలోనే పోతుంది. తక్కువ ప్రెజర్‌తో గాలి పట్టించి, జాయింట్ల మీద సబ్బు నీళ్లు పోస్తే బుడగలే లీకు చూపిస్తాయి. వర్క్‌షాపులో పెద్ద ఖర్చు లేని టెస్టు ఇది. చాలా బండ్లకి వైద్యం ఇక్కడితోనే అయిపోతుంది.

ఇదంతా చేశాక కూడా చాలదనుకుంటే మొదట కొనాల్సింది పెద్ద టర్బో కాదు, రెండు మీటర్లు. ఒకటి బూస్ట్ మీటర్, రెండోది టర్బో ముందు పొగ వేడి చూపించే మీటర్. ఆ వేడి 700 డిగ్రీల సెల్సియస్ దాటి అలాగే నిలిచిపోతే ఇంజిన్‌కి ప్రమాదం, డ్రైవర్ గేరు దించి కాలు తగ్గించాల్సిందే. ఇది తెలియకుండా పవర్ పెంచడమంటే కళ్లకు గంతలు కట్టుకుని ఘాట్ ఎక్కడమే.

తర్వాత ఇంటర్‌కూలర్. బండి మీద టీసీ అని ఉంటే టర్బో మాత్రమే, టీసీఐసీ అంటే ఇంటర్‌కూలర్ కూడా ఉన్నట్టు. ఉన్నది పాడైతే అదే రకం కంపెనీది మంచిది వేయించడం పెట్టుబడికి తగ్గ పని. పంపు, నాజిళ్లు విప్పితే అన్నీ కలిపి టెస్ట్ బెంచ్ మీద కంపెనీ లెక్కకి సెట్ చేయించాలి, ఒక్క నాజిల్ మార్చి సరిపెట్టొద్దు. టర్బో పోతే ఎందుకు పోయిందో తేలకుండా కొత్తది బిగించకండి. ఆయిల్ గొట్టం పూడుకుపోయి ఉంటే కొత్తదీ అదే దారి పడుతుంది. ఇంకో మాట, ఇంజిన్ లాగుడు పెరిగితే క్లచ్చు, గేర్‌బాక్సు, క్రౌన్ కూడా తట్టుకోవాలి. ఘాట్ దిగేటప్పుడు బ్రేకులు మాత్రం పాతవే కదా!

బీఎస్6 బండైతే లెక్క వేరు

2020 ఏప్రిల్ 1 నుంచి అమలైన బీఎస్6 బండ్లలో అంతా కంప్యూటరే చూసుకుంటుంది. సెన్సర్‌కి తప్పుడు లెక్క చూపించి డీజిల్ ఎక్కువ పోయించే చిప్ బాక్సుల జోలికి వెళ్లకపోవడమే మేలు, వారంటీకి చిక్కు. పొగ ఫిల్టర్ తీసేయించడం, యూరియా ద్రావణం సిస్టమ్ ఆపేయించడం నేరం కూడా. మోటారు వాహనాల చట్టం 182ఏ సెక్షన్ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి ఓనర్‌కి రూ.5,000 జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదంటే రెండూ పడొచ్చు.

నిజానికి ఈ బండ్లలో పవర్ తగ్గితే ముందు చూడాల్సింది డ్యాష్‌బోర్డు. యూరియా ద్రావణం అయిపోయినా, ఫిల్టర్ నిండినా కంప్యూటరే పవర్ తగ్గించేస్తుంది. కొన్ని టాటా బండ్లలో లైట్, మీడియం, హెవీ అని మైలేజీ స్విచ్ ఉంటుంది. ఫుల్ లోడు వేసి లైట్‌లో వదిలేస్తే ఘాట్‌లో ఏం లాగుతుంది?

ఏ పని చేయించినా, అదే లోడుతో అదే ఘాట్‌లో ఏ గేరులో ఎక్కింది, ఎన్ని లీటర్లు తాగింది అన్నది ముందూ తర్వాతా రాసి పెట్టమని డ్రైవర్‌కి చెప్పండి. ఘాట్ ఎక్కి ఆగిన వెంటనే ఇంజిన్ ఆపకుండా రెండు మూడు నిమిషాలు స్లోలో ఉంచమనండి, టర్బోకి ఆయిల్ అందుతుంది. కొత్త టర్బో వేయిస్తే పార్ట్ నంబరు బిల్లు మీద రాయించుకుని, పాతది వెనక్కి తెచ్చుకోండి.