తలనొప్పికి మెడతో పనేమిటి?

మా ఓ.పి.కి తలనొప్పితో వచ్చేవారిలో చాలామంది ఒక చేయి మెడ మీద వేసుకునే వస్తారు. "సిస్టర్, మెడ నరాలు పట్టేశాయి, అక్కడి నుంచే నొప్పి తలకెక్కుతోంది" అంటారు. పట్టేసేవి నరాలు కావు, కండరాలు. అయినా ఆ మాటలో నిజం లేకపోలేదు.

మన తల బరువు సుమారు 4 నుండి 5 కిలోలు. దాన్ని రోజంతా మోసేవి మెడ, భుజాల కండరాలే. భుజాల మీది పెద్ద కండరాలు చేతికి తగులుతాయి. ఇవి గాక మెడ లోపల, వెన్నుపూసల ముందు వైపున ఆనుకొని సన్నని కండరాలు ఉన్నాయి. తలను నిలకడగా ఉంచడం వీటి పని. తరచూ తలనొప్పి వచ్చే కొందరిలో ఇవి త్వరగా అలసిపోతాయి. అప్పుడు పై కండరాల మీద భారం పెరిగి అవి బిగుసుకుంటాయి.

మెడ పైభాగపు నరాలు, ముఖం నుండి వచ్చే నరం మెదడు అడుగు భాగంలో ఒకచోట కలుస్తాయి. అందుకే మెడలోని నొప్పి కంటి వెనుక, నుదుటి మీద తెలుస్తుంది. అలాగే పార్శ్వపు నొప్పి ఉన్నవారికి మెడలో ఏ లోపం లేకున్నా మెడ నొప్పి పుట్టవచ్చు. కాబట్టి కారణం ఏదో డాక్టరు గారే చూసి చెప్పాలి.

కుట్టుపని చేసే ఒకామె రెండేళ్లుగా దాదాపు రోజూ నొప్పి మాత్ర వేసుకుంటూ మా దగ్గరకు వచ్చింది. మామూలు నొప్పి మాత్రలైనా సరే, నెలకు 15 రోజులు, అంతకు మించి మూడు నెలలకు పైగా వాడితే ఆ మాత్రలే తలనొప్పిని తెస్తాయి. డాక్టరు గారు వాటిని తగ్గించి, ఫిజియోథెరపీకి పంపారు.

అక్కడ నేర్పినది చిన్న వ్యాయామమే. పలుచని దిండు మీద వెల్లకిలా పడుకొని, "ఔను" అన్నట్టు గడ్డాన్ని మెల్లగా గొంతు వైపు వంచాలి. తల దిండు మీద నుంచి లేవకూడదు. 10 సెకన్లు ఉంచి వదలాలి. ఇలా పదిసార్లు. ఇదేం వ్యాయామమని నవ్విన మా నర్సులే మొదటి రోజు పది పూర్తి చేయలేకపోయారు! నొప్పి పెరిగితే ఆపేయండి. మెడ నుండి వచ్చే తలనొప్పి ఉన్న 200 మందిపై ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధన 2002లో వెలువడింది. అందులో ఆరు వారాలు ఇటువంటి వ్యాయామం చేసినవారికి ఏడాది తరువాత కూడా ఉపశమనం నిలిచింది.

మగవారికి ఒక మాట. క్షవరం తరువాత మెడను టక్కుమనిపించుకోవద్దు. మెడలోని రక్తనాళం చిట్లి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. ఇక ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడడం, కాలు చేయి పట్టు తప్పడం, తలకు దెబ్బ తగిలిన తరువాత నొప్పి, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన నొప్పి – వీటికి వ్యాయామం కాదు, వెంటనే ఆసుపత్రికి రావాలి.

ఆ కుట్టుపని ఆమె ఇప్పుడు అరగంటకోసారి మిషను దగ్గర నుండి లేచి భుజాలు కదిలిస్తోంది. నొప్పి పూర్తిగా పోలేదు. నెలకు రెండు మూడుసార్లు వస్తోందని మొన్న వచ్చినప్పుడు చెప్పింది.