పాత జీపునకు డిస్కు బ్రేకులు

గంగారము మండలము మహబూబాబాదు జిల్లాలోని అటవీ ప్రాంతము. వానకాలమున వాగులు దాటి గూడెములకు పోవలసిన ఇట్టి తావులలో పాత జీపు మిక్కిలి యుపయోగకరమైన వాహనము. దానిలో రోగిని గాని బడిపిల్లలను గాని ఎక్కించుకొనునపుడు అది ఎంత వేగముగ పోవుననునది ముఖ్యము కాదు. కావలసినచోట నిలుచునా యనునదే ముఖ్యము. కావున డ్రమ్ము బ్రేకులను తీసి డిస్కు బ్రేకులను అమర్చు పని యెట్టిదో చదువరులకు తెలుపుచున్నాము.

విల్లీస్ నమూనా ననుసరించి మహీంద్రా సంస్థవారు మన దేశమున తయారుచేసిన పాత జీపులకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే యుండెను. చక్రముతో కూడ తిరుగు ఇనుప డొల్లయే డ్రమ్ము. దానిలోపల వంపు తిరిగిన రెండు షూలు కలవు. పెడలును తొక్కినపుడు మాస్టరు సిలిండరులోని ద్రవము గొట్టముల వెంట ఒత్తిడిని కొనిపోయి షూలను వెలుపలికి నెట్టును. అవి డ్రమ్మునకు ఒరసికొని చక్రమును ఆపును. మూసియున్న ద్రవమునందు ఒత్తిడి అంతటను సమముగా వ్యాపించునని 17వ శతాబ్దమున పాస్కల్ పండితుడు తెలిపిన సూత్రమే దీనికి మూలము.

ఈ యేర్పాటునందు రెండు లోపములు కలవు. వాగు దాటినపుడు డ్రమ్ములో నీరు చేరి, షూలు తడిసి, జారిపోవును. పల్లమున మాటిమాటికి బ్రేకు వేసినచో డ్రమ్ము వేడెక్కి వ్యాకోచించి షూలకు దూరమగును. పెడలు లోతునకు దిగును గాని పట్టు తగ్గును.

డిస్కు బ్రేకునందు తిరుగునది బయలుగా నున్న ఇనుప బిళ్ల. కాలిపరు అను పట్టకారు రెండు ప్యాడులతో దానిని ఇరువైపుల నొక్కును. నీరు విసరివేయబడును, వేడి గాలిలో కలియును. ఆంగ్ల ఇంజనీరు లాంచెస్టరు 1902లోనే దీనికి పేటెంటు పొందెను. 1953లో లెమాన్ పందెమున డిస్కు బ్రేకుల జాగ్వారు కారు గెలిచిన పిదప దీని ఖ్యాతి హెచ్చెను.

అయితే బిళ్లను బిగించినంతనే పని ముగియదు. డ్రమ్ములో చక్రపు తిరుగుడే ముందరి షూను లాగి పట్టు పెంచును. డిస్కునకు ఆ సాయము లేదు. కావున పాదబలమును హెచ్చించు బూస్టరు సాధారణముగా కావలయును. అది వాక్యూముతో పనిచేయును. డీజిలు ఇంజనులో వాక్యూము చాలదు గనుక దానికి పంపు అవసరము. కాలిపరు పిస్టనులు పెద్దవి గనుక వానికి తగిన మాస్టరు సిలిండరు ఉండవలయును. ముందు వెనుక చక్రములకు వేర్వేరు మార్గములు గలది మేలు. ఒక గొట్టము పగిలినను రెండవది బండిని ఆపగలదు. డ్రమ్ముల కొరకు కొంత ఒత్తిడిని నిలిపియుంచు కవాటమును డిస్కుల మార్గమున ఉంచినచో, ప్యాడులు బిళ్లను వదలక వేడెక్కును. బ్రేకు వేసినపుడు బరువు ముందునకు మొగ్గును. కావున వెనుక చక్రములు ముందుగా బిగిసి బండి ప్రక్కకు జారకుండ ఒత్తిడిని పంచు కవాటమును సరిచూడవలయును. కాలిపరు చక్రపు రిమ్మునకు తగులరాదు. ముందు చక్రములకు మాత్రమే డిస్కులు పెట్టుట తప్పు కాదు; 2020లో వెలువడిన థారునకును ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములే.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము వాహనపు మార్పులకు హద్దులు విధించినది. కావున ముందుగా రవాణా కార్యాలయమున విచారింపవలెను. పని యెరిగిన మెకానిక్కు చేత చేయించి, గాలి పూర్తిగా తీయించి, జనము లేని చదునైన చోట మెల్లగా పరీక్షింపవలెను.

ఇంత వ్యయము భరింపలేనివారు నిరాశ చెందనక్కరలేదు. షూలను సరిగా బిగించి, ద్రవమును కాలానుగుణముగా మార్చి, వాగు దాటిన పిదప మెల్లగా నడుపుచు పెడలును పలుమారు తేలికగా నొక్కి షూలను ఆరబెట్టినచో డ్రమ్ము బ్రేకులును నమ్మకముగా పనిచేయును. సగము చేసిన మార్పుకంటె చక్కగా కాపాడిన పాత బ్రేకే క్షేమకరము.