తేలినీలాపురం చింతచెట్లు, నౌపడ ఉప్పుమళ్ళు

మాఘమాసం వెళ్ళే రోజుల్లో శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలంలోని తేలినీలాపురం వెళితే చింతచెట్లు రెట్టతో తెల్లగా కనిపిస్తాయి. కొమ్మకొమ్మకూ గూళ్ళు. కొన్నిటిలో గూడబాతులు, కొన్నిటిలో ఎర్రకాళ్ళ కొంగలు. పిల్లలు తల్లులంత ఎదిగి, గూటి అంచున నిలబడి రెక్కలు కొట్టి చూసుకుంటూ ఉంటాయి. కింద చేరినవాళ్ళలో ఎవరో ఒకరు పక్కవాళ్ళకు చెబుతారు: "ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చిన పక్షులు." ఏటా పత్రికల్లోనూ అదే మాట వస్తుంది.

ఆ మాటలో ప్రేమ ఉంది, నిజం లేదు. దీన్ని కాస్త ఓపిగ్గా విప్పి చూద్దాం.

పక్షికి సొంతూరు ఏదని అడిగితే చూడవలసింది గూడు. గుడ్డు పెట్టి పిల్లను పెంచే చోటే దాని ఇల్లు. ఉత్తరాది మంచుదేశాల పక్షులు అక్కడి వేసవిలో, అంటే జూన్, జూలై నెలల్లో, అక్కడే గూడు కట్టుకుంటాయి. మన దగ్గరకు చలికాలంలో తిండి కోసం వస్తాయి తప్ప గుడ్లు పెట్టవు. కాబట్టి మన చింతచెట్టు మీద పిల్లల్ని పెంచుతున్న పక్షి సైబీరియాది అయ్యే వీలు లేదు. చుక్కల ముక్కు గూడబాతు, ఎర్రకాళ్ళ కొంగ రెండూ భారతదేశం, శ్రీలంక, ఆగ్నేయాసియా దేశాల పక్షులు. వానలకు చెరువులు నిండి చేపలు పుష్కలమయ్యాక, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఇక్కడికి చేరతాయి. పిల్లలకు రెక్కలొచ్చి, నీళ్ళు తగ్గుముఖం పట్టే మార్చి, ఏప్రిల్‌లలో ఇతర చెరువులకు చెదిరిపోతాయి. పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చే ఆడపడుచులు అవి. విదేశీ అతిథులు కారు.

ఇది మాటల పట్టింపు కాదు. అతిథి అనుకుంటే ఇక్కడున్న నెలల మర్యాదతో మన బాధ్యత తీరిపోతుంది. మన పిల్లే అనుకుంటే మిగతా నెలలన్నీ అది ఏ చెరువులో మేస్తోంది, ఆ నీళ్ళు ఎలా ఉన్నాయి అని కూడా అడగాలి. 2021-22 చలికాలంలో తేలినీలాపురంలో వందకు పైగా గూడబాతులు చనిపోయాయి. చేపల ద్వారా కడుపులో చేరిన నులిపురుగులు కారణమని తేల్చారు. చెట్టును ఎంత భద్రంగా కాపాడినా, మేతకు వెళ్ళే నీళ్ళు బాగుండకపోతే గూడు నిలవదు. ఊరివాళ్ళు ఈ పక్షుల్ని శుభంగా భావించి తరాలుగా కాపాడుకుంటున్నారు. అదే శ్రద్ధ ఊరి బయటి నీళ్ళకూ దక్కాలి. సోంపేట బీల, కాకరాపల్లి దగ్గరి తంపర అనే చిత్తడి నేలలు థర్మల్ కేంద్రాల పాలు కాకూడదని 2010, 2011లలో ఇక్కడి రైతులు, మత్స్యకారులు పోరాడారు. కాల్పుల్లో మనుషుల ప్రాణాలు పోయాయి. పక్షులు బతికేది కూడా ఆ నీళ్ళ మీదే.

మరి సైబీరియా పక్షులు అసలు రావా? వస్తాయి. పక్కనే ఉన్నా వాటిని ఎవరూ చూడరు.

తేలినీలాపురం నుంచి నౌపడ వైపు వెళితే ఉప్పుమళ్ళు వస్తాయి. లోతు లేని నీళ్ళలో, బురద అంచుల్లో, పిచ్చుకంత పిట్టలు గుంపుగా అటూ ఇటూ పరుగెత్తుతూ బురదలో పొడుస్తూ ఉంటాయి. పైన మట్టిరంగు, కింద తెలుపు. ఇవి ఉల్లంకులు. అన్నిటికన్నా చిన్నది లిటిల్ స్టింట్. బరువు ఇంచుమించు పాతిక గ్రాములు. దానికి పెద్దక్కలాగా, కొన కిందికి వంగిన ముక్కుతో ఉండేది కర్ల్యూ శాండ్‌పైపర్. ఇది గూడు కట్టేది ప్రధానంగా సైబీరియా ఉత్తరపు కొసన, ఆర్కిటిక్ మైదానాల్లో. అరచేతిలో ఇమిడే ఈ ప్రాణి ఏటా వేల కిలోమీటర్లు వచ్చి, మళ్ళీ వెళుతుంది. చింతచెట్ల కింద మనం చెప్పుకునే సైబీరియా కథ న్యాయంగా దీనిది.

ఫిబ్రవరి చివరి నుంచి వీటిని గమనించడంలో గొప్ప ఆనందం ఉంది. చలికాలమంతా బూడిదరంగులో ఉన్న కర్ల్యూ శాండ్‌పైపర్ పొట్టకింద ఒకటీ అరా ఇటుకరంగు ఈకలు మొలుస్తాయి. ఏప్రిల్ వచ్చేసరికి కొన్ని పిట్టలు మెడనుంచి పొట్టదాకా ఎర్రబడతాయి. వాటి పక్కన తిరిగే బంగారు చుక్కల ప్లోవర్‌కు ఛాతీ మీద నల్లమచ్చలు పడి, క్రమంగా ఒకటవుతాయి. అవి పెళ్ళిబట్టలు. అదే సమయంలో తిండి పెరుగుతుంది, ఒంట్లో కొవ్వు చేరుతుంది. దారిఖర్చు ఆ కొవ్వే. పరాయి ఊళ్ళో సంపాదించి ఇంటికి బయలుదేరే వలసకూలీకి మూట ఎంతో, వీటికి ఆ కొవ్వు అంత.

ఆ కొవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? బురదలోని పురుగుల నుంచి. ఉప్పునీటిలో పెరిగే చిన్న ఈగల పిల్లపురుగులు, వానపాముల జాతి సన్నపురుగులు, బుల్లి నత్తలు. గూడు కట్టే చోట ఆ పిట్టల పిల్లలు తినేదీ పురుగులే. ఆర్కిటిక్‌లో మంచు కరిగి దోమలు, ఈగలు ఒక్కసారిగా లేచే కొద్ది వారాల్లోనే పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని రావాలి. ఆలస్యమైతే తిండి అందదు. అందుకే ఏప్రిల్‌లో వాటికి అంత తొందర.

పురుగు విలువ మన ఉద్దానం తోటల్లోనూ కనిపిస్తుంది. చలికాలం చివరి నెలల్లో మామిడి, జీడిమామిడి పూతకు వస్తాయి. మామిడి పూగుత్తి దగ్గర పది నిమిషాలు నిలబడితే తేనెటీగలకన్నా ఈగలే ఎక్కువ కనిపిస్తాయి. పుప్పొడి మోసి కాయ కట్టించేది చాలావరకు అవే. అదే గుత్తిలో రసం పీల్చే తేనెమంచు పురుగూ ఉంటుంది. అది కార్చే తీపి జిగురు మీదే ఆకులకు మసి పడుతుంది. జీడితోటలో ఆకులు కుట్టి గూడు కట్టే ఎర్రచీమలు మనల్ని కుడతాయి, నిజమే. కానీ లేత చిగురును పాడుచేసే టీ దోమను తరిమేదీ అవే. తోట పైన వానకోవెలలు గాలిలోనే ఎగిరే పురుగుల్ని పట్టి తింటూ ఉంటాయి. అవి కూడా చలికాలపు వలస పిట్టలే, త్వరలో ఉత్తరానికి వెళ్ళేవే. నిండు పూత మీద మందు కొడితే ఈగా చీమా వానకోవెల తిండీ అన్నీ ఒకేసారి పోతాయి. రైతులకు నా విన్నపం ఒక్కటే: పురుగు ఉధృతి చూసి, పూత విచ్చకముందే మందు కొట్టండి. పూలు విచ్చాక ఆపండి.

ఈసారి తేలినీలాపురం వెళ్ళినవాళ్ళు కొంగల్ని కళ్ళనిండా చూశాక ఒక అరగంట నౌపడలో ఆగండి. సాయంత్రపు ఎండ వెనకనుంచి పడేలా, గట్టు దిగకుండా, రోడ్డు మీదే నిలబడండి. పిల్లలుంటే పొట్ట ఎర్రబడిన పిట్టలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించి, తేదీతో సహా పుస్తకంలో రాయించండి. మే నెల సగమయ్యేసరికి ఆ మళ్ళలో అవి దాదాపు ఉండవు.