కెమెరాకు అందాల్సిన కొండపల్లి పనితనం

కొండపల్లి: బొమ్మల కొలువులో అంబారీ ఏనుగును చూడని తెలుగువారు అరుదు. అది తయారయ్యే తీరు తెలిసినవారు మాత్రం కొందరే. ఎన్టీఆర్ జిల్లా కొండపల్లిలోని బొమ్మల కళాకారులపై డాక్యుమెంటరీ తీసేవారు పనిని మొదటి నుంచి చివరి వరకు చిత్రీకరించినప్పుడే ఆ లోటు తీరుతుంది.

ఒక్క పూటలో ముగియదు

బొమ్మకు ఆధారం తెల్లపొణికి కర్ర. తేలికగా, మెత్తగా ఉండే ఈ కర్రను ముక్కలుగా కోసి ఎండబెట్టి, సన్నని సెగపై చెమ్మ పోగొడతారు. చెమ్మ మిగిలితే కర్ర తర్వాత కుంచించుకుపోయి పగుళ్లిచ్చే ప్రమాదముంది. మొండెం, చేతులు, తొండం వంటి భాగాలను వేర్వేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. ఆకృతిని సరిదిద్దేదీ ఈ మక్కుతోనే. ఆరిన తర్వాత నునుపు చేసి, సుద్ద పూసి, మేక వెంట్రుకల కుంచెలతో రంగులు అద్దుతారు. దశకూ దశకూ మధ్య ఆరే సమయం కావాలి. అందువల్ల ఒక్క పూట కోసం వచ్చిన కెమెరాకు తుది మెరుగుల దృశ్యాలే దక్కుతాయి.

చేతికే తెలిసిన కొలత

సెగ ఎంతసేపు తగలాలి, మక్కు ఎంత చిక్కగా ఉండాలి అన్నవి చేతి అంచనాలు. పెద్దల పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య ఇది. కొత్త తరం ఇతర ఉపాధి వైపు మళ్లుతున్నందున ఆ అంచనాలు చిత్రంలోనైనా మిగలాలి. అందుకు వేళ్ల కదలికను దగ్గర నుంచి, మధ్యలో తెంచకుండా చూపాలి. ఉలి చప్పుడును నేపథ్య సంగీతంతో కప్పరాదు. కళాకారుడు పనిచేస్తూ తన మాటల్లోనే వివరిస్తే మేలు. రంగులు వేయడంలో ఇంటి మహిళల పాత్రను విస్మరిస్తే చిత్రం అసంపూర్ణమే.

పని ఆగితే రాబడి ఆగినట్లే

చేసిన బొమ్మలను బట్టే కళాకారునికి ఆదాయం. వెలుతురు కోసం పని ఆపించినా, ఒకే పనిని పదేపదే చేయించినా పూట గడిచిపోతుంది. దానికి ప్రతిఫలం ముందుగానే మాట్లాడుకోవాలి. చిత్రాన్ని ఎక్కడ ప్రదర్శిస్తారో చెప్పి అనుమతి పొందాలి. పూర్తయిన చిత్రంతో పాటు కత్తిరించని దృశ్యాల ప్రతినీ కళాకారులకు అందజేయాలి. ప్రేక్షకులకు అరగంట చిత్రం సరిపోవచ్చు. రేపు ఉలి పట్టే పిల్లలకు మాత్రం పూర్తి నిడివి దృశ్యాలే పాఠం.