శకునము, ప్రశ్న, జాతకము: అపోహలు – వాస్తవములు

సోది, శకునము, జాతకము అన్న మాటలు చెవిని బడినంతనే, ఇవి రాబోవుదానిని ముందుగా చూపుటకై పుట్టిన దివ్యవిద్యలని కొందఱును, అమాయకులను వంచించుటకై ధూర్తులు పన్నిన మాయలని మఱికొందఱును నిశ్చయించుకొందురు. ఈ రెండు తలంపులును చరిత్ర యెదుట నిలువవు. ఈ విద్యల నిజస్వరూపము వానిని ఆశ్రయించినవారు అడిగిన ప్రశ్నలలోను, అవి దేశదేశములకు నడచిన త్రోవలోను గానవచ్చును.

చీనాదేశపు మందుల దుకాణములలో డ్రాగన్ ఎముకలన్న పేర అమ్ముచుండిన వానిపై ప్రాచీనాక్షరములున్నవని 1899 ప్రాంతమున వాంగ్ ఇరోంగ్ అను పండితుడు గుర్తించెను. అవి అన్యాంగ్ చెంత నుండిన షాంగ్ రాజుల రాజధానిలో, మూడువేల యేండ్లకు పూర్వము ప్రశ్న చూచిన తాబేటి పొట్టచిప్పలును, ఎద్దుల జబ్బయెముకలును. వెనుకప్రక్క చిన్న గుంతలు తొలిచి నిప్పుసెగ తగిలింపగా ముందుప్రక్క బీటలు పడును. నిలువుగీటును అడ్డుగీటు తాకిన ఆ బీట రూపమే ప్రశ్న చూచుట అను అర్థము గల చీనా అక్షరమై నేటికిని నిలిచియున్నది. రాజునకు పంటినొప్పి పుట్టిన, ఏ పితృదేవత కినుక వహించెనని అడిగిరి. వాన కురియునా, వేటకు పోవచ్చునా యని అడిగిరి. వూ డింగ్ రాజు తన రాణి ఫూ హావ్ ప్రసవమును గూర్చి అడిగి, ఏయే దినములందైన శుభమో తానే బీటలు చదివి చెప్పెను. 31వ దినమున, ఆయన చెప్పని దినమందు, ఆమె ప్రసవింపగా, మేలు కాలేదనియు, ఆడుబిడ్డ యనియు అచ్చటనే చెక్కించిరి. స్వయముగా సైన్యములను నడపిన ఆ రాణి కన్న బిడ్డను గూర్చి యిట్లు వ్రాయుట చదివినపుడెల్ల నా మనసు కలుక్కుమనును. అయినను, ప్రశ్నను, తీర్పును, జరిగినదానిని ఒక్కచోట పదిలపఱచిన ఆ శ్రద్ధను మూఢత్వమని త్రోసివేయ నాకు చేయి రాదు. అది రాజ్యకార్యము, పితరుల సమ్మతి గోరి నడచిన వ్యవహారము.

సామాన్యులు అడిగిన ప్రశ్నలు గ్రీసుదేశపు డొడోనా క్షేత్రమున దొరికినవి. పలుచని సీసపు రేకుపై ప్రశ్నను గీచి, మడిచి, జియస్ దేవునకు విన్నవించుకొనెడివారు. కడుపులోనున్న బిడ్డ తనదేనా యని ఒకడు, గొఱ్ఱెలను పెంచిన లాభించునా యని యొకడు, కనబడకపోయిన దుప్పట్లను తలగడలను బయటివారెవరైన దొంగిలించిరా యని మఱియొకడు. కలతపడిన మనసు తనంత తాను తేల్చుకొనలేక పెద్దదిక్కును వెదకికొన్న గుర్తులివి.

ఇక పుట్టుకను గూర్చిన అపోహలు. టారో పేకలు ఈజిప్టు పూజారుల రహస్యవిద్య యని నేటికిని నమ్మువారు పెక్కురు. అవి 15వ శతాబ్దిలో ఉత్తర ఇటలీలో ఆటకై పుట్టిన పేకలు. ఈజిప్టు కథను 1781లో ప్రచురించినవాడు కూర్ ద జెబెలిన్ అను ఫ్రెంచి పండితుడు. అప్పటికి ఈజిప్టు చిత్రలిపిని చదువగలవారు లేరు; దానిని చదువు త్రోవను షాంపోలియన్ ప్రకటించినది 1822లో.

మన జాతకచక్రమందలి మేషాది రాశులు వేదకాలము నాటివను నమ్మికయు అట్టిదే. వేదాంగజ్యోతిషము నక్షత్రములతో లెక్కించినది. పండ్రెండు రాశుల విభాగము బాబిలోనులో రూపొంది, యవనుల, అనగా గ్రీకుల, ద్వారమున మనకు వచ్చినది. 6వ శతాబ్దివాడైన వరాహమిహిరుడు దీనిని దాచలేదు. బృహజ్జాతకమున మేషమును క్రియ యనియు, వృషభమును తావురి యనియు గ్రీకు పేర్లతోనే పిలిచెను, యవనులు ఈ శాస్త్రమున ఋషులవలె పూజ్యులని బృహత్సంహితలో పలికెను. పరదేశపు విద్యను అంత నిండుమనసుతో గౌరవించిన ఆ పెద్దను తలచుకొని నేను గర్వపడుదును.

మన పంచాంగములలోని హోర యను మాటయు గ్రీకుదే. శని, గురు, కుజ, రవి, శుక్ర, బుధ, చంద్రులు ఈ వరుసను ఒక్కొక్క హోరకు అధిపతులు. దినమునకు 24 హోరలు. తొలి హోర యెవరిదో వారము వారిది. శనివారము శనితో మొదలిడి వ్రేళ్ళపై లెక్కించుకొని పొండు. 25వ హోర, అనగా మరునాటి తొలి హోర, రవిది. ఆ మరునాడు ఆదివారము.