రెండెకరాల రైతుకి ఐదిళ్ల తోడు: దసరా లోపు చేసుకోవాల్సిన పని



పైన వీడియోలో మా పొలం చుట్టుపక్కల ఐదిళ్లకి మిమ్మల్ని తీసుకెళ్లాను. ఒకరి దగ్గర చేదబావి, ఒకరి దగ్గర పెట్రోల్ రంపం, ఒక అప్ప దగ్గర విత్తనాల కుండలు చూశారు కదా. వీడియోలో టైమ్ చాలక చెప్పలేకపోయిన లెక్కలు, పద్ధతులు ఇక్కడ రాస్తున్నాను. మీది శ్రీకాకుళం జిల్లా కాకపోయినా చదవండి. మాకు తుపాను అయితే మీకు వరదో, కరువో ఉంటుంది. చేసుకోవాల్సిన ఏర్పాటు మాత్రం ఇలాంటిదే.

మాది ఉద్దానం. రెండెకరాల పైన కొంచెం భూమి. కొబ్బరి, జీడి, పనస, మధ్యలో అరటి, కంద, మునగ. అర ఎకరం వరి. రెండు నాటు ఆవులు. అంతా ప్రకృతి వ్యవసాయమే.

ఒకసారి ఈ తేదీలు చూడండి. ఫైలిన్ తుపాను 2013 అక్టోబర్ 12. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12. తిత్లీ 2018 అక్టోబర్ 11. మూడూ ఉత్తరాంధ్రని దెబ్బతీసినవే, మూడూ ఒకే వారంలో వచ్చినవే. అలాగని మిగతా రోజులు నిశ్చింతగా ఉండమని కాదు. దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19న వచ్చింది. మిచాంగ్ 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అందుకే మేం వినాయక చవితి అయిపోగానే కూర్చుని మాట్లాడుకుంటాం, దసరా లోపు పని ముగిస్తాం.

తిత్లీ అప్పుడు ఏమైందంటే

ఉద్దానంలో కొబ్బరి చెట్లు లక్షల్లో పడిపోయాయి. కొబ్బరి మళ్లీ నాటితే కాపుకి రావడానికి ఐదారేళ్లు పడుతుంది, అది మీకు తెలిసిన సంగతే. రోడ్ల నిండా చెట్లు, చెట్ల మీద కరెంటు స్తంభాలు. కరెంటు రోజుల తరబడి రాలేదు, ఫోన్లు పనిచేయలేదు. మా ఇంట్లో బియ్యం, పప్పు, చింతపండు నిండుగానే ఉన్నాయి. బోరు కూడా ఉంది. కానీ కరెంటు లేనిదే మోటారు తిరగదు కదా. తాగే నీళ్లు పక్క వీధి చేదబావి నుంచి మోసుకొచ్చుకున్నాం. పశువుల పాక దాకా దారి చేసింది మత్స్యకారుల గొడ్డళ్లు, తాళ్లు.

అమెరికాలో ఇలా ఆపద కోసం ముందే సరుకులు, నీళ్లు, మందులు సిద్ధం చేసుకునేవాళ్లని ప్రెప్పర్లు అంటారు. యూట్యూబ్‌లో చూసే ఉంటారు, గది నిండా డబ్బాలు పేర్చి పెడతారు. మన ఊళ్లలో వాళ్లకి ప్రత్యేకంగా పేరు లేదు గానీ మనుషులు మాత్రం ఉన్నారు. జొన్నలకి పాతర తీసిన తాత, ధాన్యానికి పురి కట్టిన మావయ్య, గాదె నింపకుండా పండగ చేయని నాయనమ్మ, వీళ్లందరూ అదే పని చేశారు. వాళ్ల వరసలో ఇప్పటికీ కొందరు మిగిలారు. ప్రతి ఊళ్లో నలుగురైదుగురు ఉంటారు. వాళ్లని వెతికి పట్టుకోవడమే ఈ రోజు విషయం.

ఎవరిని వెతకాలి?

చాలామంది ముందు తోటి ప్రకృతి రైతులతో గ్రూపు కడతారు. మంచిదే. కానీ ఒక చిక్కు ఉందండి. నా దగ్గర ఉన్నవే వాళ్ల దగ్గరా ఉంటాయి: జీవామృతం డ్రమ్ము, ఘన జీవామృతం, నవధాన్య విత్తనాలు. నా దగ్గర లేనివి వాళ్ల దగ్గరా లేవు. కరెంటు పోతే పదిమందిమీ ఒకేసారి బోరు ముందు నిలబడాలి.

కాబట్టి మన దగ్గర లేనిది ఎవరి దగ్గర ఉందో చూడాలి. వీధి, పేట అని లెక్కలు పెట్టుకుంటే ఈ పని అవదు. మా ఐదిళ్లు ఇవీ:

1. చేదబావి ఉన్న పెద్దాయన. బోరు వేయించుకున్నా బావి పూడ్చలేదు. గిలక, చేంతాడు ప్రతి ఏడూ చూసుకుంటారు.

2. మిలటరీలో చేసి రిటైరైన మావయ్య. మా ప్రాంతం నుంచి సైన్యంలోకి వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈయన దగ్గర బ్యాటరీ రేడియో, టార్చిలైట్లు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె, అన్నింటికీ మించి కంగారు లేని బుర్ర.

3. సముద్రం ఒడ్డు పేటలో ఉండే మత్స్యకార అన్న. తాళ్లు, ముడులు, గాలి లెక్క ఆయనకి తెలిసినట్టు మనకి తెలియదు.

4. కలప కోసే తమ్ముడు. పెట్రోల్ రంపం ఆయనదే.

5. ఆశా కార్యకర్తగా చేస్తున్న అప్ప. విత్తనాల కుండలు కూడా ఆవిడ ఇంట్లోనే ఉన్నాయి. ఊళ్లో ఎవరికి ఏ మందు అవసరమో ఆవిడకి తెలుసు.

ఇంతకంటే ఎక్కువ ఇళ్లు మొదట్లో వద్దు. చెట్లు పడిపోయిన దారిలో, చీకట్లో, నడిచి వెళ్లగలిగే దూరంలో ఉండాలి. ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న స్నేహితుడు మొదటి మూడు రోజులు మనకి అందడు.

మొదటి మాట ఎలా కలపాలి?

ముందుజాగ్రత్త ఉన్నవాళ్లు సహజంగానే గుట్టుగా ఉంటారు. "మీ దగ్గర ఏమేం ఉన్నాయి?" అని అడిగితే తలుపు మూసేస్తారు. నిజానికి అది న్యాయమే.

మిలటరీ మావయ్య ఇంటికి మొదటిసారి వెళ్లినప్పుడు కిలో చోళ్లు, సీసాడు గానుగ కొబ్బరినూనె పట్టుకెళ్లాను. "ఏటి బాబూ, ఇలాగొచ్చినావు?" అన్నారు. "తుపానుకి మా ఇంట్లో ఇవి పెట్టుకున్నాను మావయ్యా, ఇంకేం కావాలో మీరైతే చెప్పగలరు" అని నా కాగితం చేతికిచ్చాను. ఆయన దగ్గర ఏముందో అడగలేదు. కాగితం చూసి, "తాడు రాయలేదు, ఈల రాయలేదు" అన్నారు. ఈల ఎందుకంటే, శిథిలాల కింద ఉన్నవాడు అరిస్తే గొంతు పోతుంది, ఈల అయితే ఎంతసేపైనా ఊదగలడు. మూడోసారి వెళ్లినప్పుడు తన సామాను గది ఆయనే తెరిచి చూపించారు.

ఆ గది వీడియోలో లేదని మీరు గమనించి ఉంటారు. కావాలనే తీయలేదు. ఎవరింట్లో ఏముందో వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు, ఛానల్లో అసలే పెట్టకూడదు. మన మీద నమ్మకంతో తలుపు తీసినవాళ్లకి మనం ఇవ్వాల్సిన మొదటి మర్యాద అదేనండి. బావి, రంపం లాంటివి కూడా వాళ్లు సరేనన్నాకే చూపించాను.

పది రోజుల లెక్క

ఇది ఐదుగురు మనుషులు, రెండు ఆవులు ఉన్న ఇంటికి.

నీళ్లు: మనిషికి తాగడానికి, వంటకి రోజుకి 4 లీటర్లు వేసుకున్నా పది రోజులకి 200 లీటర్లు. అంటే మన జీవామృతం డ్రమ్ము సైజు. దీనికి మాత్రం వేరే శుభ్రమైన డ్రమ్ము ఉండాలి. ఆవుకి 40 లీటర్ల చొప్పున రెండింటికి పది రోజులకి 800 లీటర్లు. అంత నీరు ఇంట్లో దాచలేం. చేదబావి ఇల్లు మన జాబితాలో మొదటిది అవ్వడానికి కారణం ఇదే.

బావి నీళ్లకి బ్లీచింగ్ పౌడర్: 1000 లీటర్లకి 2.5 గ్రాములు. బావి వెడల్పు 2 మీటర్లు, నీటి లోతు 3 మీటర్లు ఉంటే సుమారు 9,400 లీటర్లు ఉన్నట్టు. దానికి 24 గ్రాములు సరిపోతుంది. బకెట్టులో పేస్టులా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగాక పైతేట మాత్రమే బావిలో పోసి చేదతో బాగా కలపాలి. కనీసం గంట ఆగాలి, రాత్రి వేస్తే ఇంకా మంచిది. పాకెట్ తెరిచి ఉంచితే పౌడర్ సత్తువ పోతుంది, కాబట్టి ప్రతి ఏడూ కొత్తది కొనండి. నీళ్లు బురదగా ఉంటే ఈ మోతాదు చాలదు. తేర్చి, వడకట్టి, కాచుకోవాల్సిందే.

మేత: ఆవుకి రోజుకి 6 కిలోల ఎండుగడ్డి వేసుకుంటే రెండింటికి పది రోజులకి 120 కిలోలు. గడ్డికుప్ప తడిస్తే పనికిరాదు. స్లాబు ఇల్లు ఉన్నవాళ్ల వరండాలో కొన్ని మోపులు ముందే పెట్టుకోండి. తుపాను రాత్రి ఆవుల పలుపులు విప్పేయడం మర్చిపోకండి. కట్టేసి ఉంచితే పాక కూలినప్పుడు తప్పించుకోలేవు.

తిండి: చోళ్లకి పురుగు పట్టదు, ఏళ్ల తరబడి నిలవ ఉంటాయి. ఇంటికి 20 కిలోలు ఉంటే అంబలికి, జావకి లోటు ఉండదు. ఉలవలు, అటుకులు, బెల్లం తోడు పెట్టుకోండి.

ఎరువు: ఆవులకి ఏమైనా అయితే మరుసటి పంటకి మన చేతిలో ఉండేది ఘన జీవామృతమే. నీడన ఆరబెట్టి గోనె సంచుల్లో పెడితే ఆరు నెలలు నిలవ ఉంటుంది. రెండు బస్తాలు వేరే ఇంట్లో ఉంచండి.

విత్తనం ఒకే ఇంట్లో వద్దు

డబ్బు నష్టం తర్వాత తీర్చుకోవచ్చు. నాయనమ్మ కాలం నాటి దేశవాళీ వరి, చోళ్ల విత్తనం ఒకసారి తడిసి మొలకెత్తిందంటే మళ్లీ ఎక్కడా దొరక్కపోవచ్చు. అందుకే ప్రతి రకాన్నీ మూడిళ్లలో పెడుతున్నాం. ఒకటి మెరక మీద ఉన్న ఇల్లు, ఒకటి స్లాబు ఇల్లు, ఒకటి మాది. బాగా ఎండబెట్టి, బూడిద, ఎండిన వేపాకు కలిపి, కుండ మూతికి పేడమట్టి మెత్తుతాం. కుండ మీద రకం పేరు, ఏడాది రాస్తాం.

ఇది కొత్త ఆలోచన కాదు. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘం మహిళలు కరువు నేలల్లో ఎన్నో ఏళ్లుగా ఊరూరా విత్తన బ్యాంకులు నడుపుతున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ ప్రైజ్ కూడా ఆ సంస్థకి వచ్చింది. అక్కడ విత్తనం తీసుకున్నవాళ్లు పంట వచ్చాక తీసుకున్నదానికంటే ఎక్కువ తిరిగిస్తారు. మేమూ అదే నియమం పెట్టుకున్నాం.

కాగితం మీద ఏం రాసుకున్నాం?

ఒక్క పేజీ చాలు. మాది ఇలా ఉంది:

ఫోన్లు పోతే ఉదయం ఏడింటికి ఇంటికొకరు రామాలయం దగ్గరికి రావాలి. రాని ఇంటికి వెంటనే ఇద్దరు వెళ్లాలి. సిగ్నల్ ఉన్నంతసేపు 112, 1070 నంబర్లకి ఫోన్ చేసే బాధ్యత మావయ్యది.

రంపం ముందు ఏ దారి తెరవాలో ఆశా అప్ప చెబుతుంది. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో మీకు తెలుసు. డయాలసిస్‌కి వారానికి రెండు మూడుసార్లు పలాసో, సోంపేటో వెళ్లాల్సిన వాళ్లు ఉన్నారు. ఒక రోజు తప్పితే ప్రాణం మీదకి వస్తుంది. కాబట్టి మొదట వాళ్ల గుమ్మం నుంచి మెయిన్ రోడ్డు దాకా దారి చేయాలి. ఎవరి తోటైనా ఆ తర్వాతే, నా తోటైనా అంతే.

రంపానికి పెట్రోలు, ఆయిలు, ఒక స్పేర్ చైను ఖర్చు ఐదిళ్లూ పంచుకోవాలి. పెట్రోలు క్యాన్ వంటింటికి దూరంగా ఉంచాలి. కరెంటు తీగ తగిలి ఉన్న చెట్టుని, లైను ఆపారని ఖాయం అయ్యేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. వంగి బిగుసుకున్న మానుని కోసేటప్పుడు అది ఎగిరి తంతుంది, ఎదురుగా నిలబడకూడదు.

తుపాను హెచ్చరిక రాగానే ముదురు కాయలు దింపడం, కింది మట్టలు కొట్టడం ఐదిళ్లవాళ్లం కలిసి చేస్తాం. చెట్టు మీద బరువు తగ్గితే గాలి దెబ్బ కొంత తగ్గుతుంది. గాలి వెలిశాక ఒరిగిపోయిన లేత మొక్కల్ని నిలబెట్టి, మొదట్లో మట్టి ఎగదోసి, కర్ర ఊతం ఇవ్వడం కూడా కలిసే.

"మరి కష్టమొస్తే అందరూ మన ఇంటి మీదకే వస్తారేమో?"

ఈ భయం నాక్కూడా ఉండేదండి. దాని గురించి ఐదిళ్లవాళ్లం సూటిగానే మాట్లాడుకున్నాం. ఎవరు ఏది ఇవ్వగలరో, ఎంత ఇవ్వగలరో ముందే చెప్పుకున్నాం. బావి పెద్దాయన "నీళ్లకి ఎవరినీ కాదనను, చేద మాత్రం మీరే తెచ్చుకోండి" అన్నారు. ఆశా అప్ప "విత్తనం ఇస్తాను, తిండిగింజలు మా పిల్లలకి చాలినంతే ఉన్నాయి" అని చెప్పేసింది. అందులో తప్పేం లేదు. ముందే తెలిస్తే ఆ రోజు మాటపట్టింపులు రావు. పైగా ఈ ఐదిళ్లలో ప్రతి ఇంటికీ ఇంకో నాలుగిళ్ల చుట్టరికం ఉంది. వాళ్లు కూడా ఇలాగే కూర్చుంటే ఊరు మొత్తానికి ఏర్పాటు అయినట్టే.

ఈ ఆదివారం మీరు చేయాల్సింది ఇంతే. ఒక కాగితం తీసుకుని పది రోజులు కరెంటు లేకపోతే మీ ఇంట్లో ఏది ఆగిపోతుందో రాయండి. ఒక్కోదాని పక్కన, నడిచి వెళ్లేంత దూరంలో అది ఎవరి దగ్గర ఉందో రాయండి. మొదటి పేరు ఎవరిదైతే వాళ్లింటికి మీ పొలంలో పండిందేదైనా పట్టుకుని వెళ్లండి. మీ కాగితం మీరే ముందు చూపించండి.

విత్తనాల కుండకి పేడమట్టి మెత్తే పద్ధతి, బావిలో బ్లీచింగ్ వేసే పద్ధతి వచ్చే వీడియోలో విడివిడిగా చేసి చూపిస్తాను. ఉంటానండి, నమస్కారం.